గట్టి లాయరు కావాలట!

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళకు కోర్టు గొడవ వస్తే మొదట వాట్సాప్ గ్రూపులో ఒక ప్రశ్న పడుతుంది: "ఎవరైనా గట్టి లాయరు ఉంటే చెప్పండి బ్రో." గట్టి అంటే ఎలా ఉండాలన్న దాంట్లో ఎవరికీ అనుమానం లేదు. అవతలివాడు ఒకటంటే మనవాడు రెండనాలి. వాడు నోటీసు పంపితే మనం కేసు వేస్తామనాలి. వాడు ఇమిగ్రేషన్ వాళ్ళకు చెబుతానంటే మనం పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు చెబుతామనాలి. నేను ఇర్వింగ్‌లో చిన్న ఆఫీసు పెట్టుకుని ఉద్యోగాల తగాదాలు చూస్తుంటాను. నా ఎదురుగా కూర్చున్నవాళ్ళలో చాలామందికి పది నిమిషాల్లోనే ముఖం వాడిపోతుంది. నేను గొంతు పెంచను, బెదిరింపు ఉత్తరం రాయను. ఈవిడ మెతక మనిషిలా ఉందే అనుకుంటారు. మాది తెనాలి. మెతకదనం మా ఇంటావంటా లేదు.

అవతలివాడు రాజీ బేరంలో దొంగాట ఆడుతున్నాడని మనమూ అదే ఆటకు దిగితే దెబ్బ మనకే తగులుతుంది. వీసా మీద బతికేవాళ్ళకు మరీ గట్టిగా తగులుతుంది. అలాగని చేతులు కట్టుకుని కూర్చోమని నేననను. చేయాల్సిన పని చాలా ఉంది. ఆ పని చప్పుడు లేకుండా జరుగుతుంది కాబట్టి మనవాళ్ళకు అది పనిలా కనిపించదు.

తెలుగువాళ్ళ నుంచి నాకొచ్చేవి ఎక్కువగా బాండు గొడవలు. కన్సల్టెన్సీ హెచ్‌-1బీ వర్క్ వీసా చేయిస్తుంది. చేరేరోజు సంతకాలు పెట్టించుకున్న కాగితాల కట్టలో ఎక్కడో ఒక షరతు ఉంటుంది. 18 నెలల్లోపో రెండేళ్ళలోపో మానేస్తే 15,000 డాలర్లో 20,000 డాలర్లో కట్టాలని. కుర్రాడు వేరే మంచి ఉద్యోగం చూసుకుని రాజీనామా ఇస్తాడు. వారం తిరక్కుండా కంపెనీ లాయరు దగ్గర్నుంచి ఉత్తరం. ఏడు రోజుల్లో డబ్బు కట్టు, లేదా దావా వేస్తాం, ఇమిగ్రేషన్ పిటిషన్లు చూసే యూఎస్‌సీఐఎస్‌కు తెలియజేస్తాం, నీ కొత్త కంపెనీకి చెబుతాం. ఒక్కోసారి పోలీసుల ప్రస్తావన కూడా ఉంటుంది. ఆ కుర్రాడికి ఆ రాత్రి నిద్ర పట్టదు. ఉత్తరం రాసినవాళ్ళకు కావలసింది కూడా అదే.

ఇందులో చట్టం ఎంత, బుకాయింపు ఎంత అన్నది విడదీయాలి. ముందుగా మానేసినందుకు హెచ్‌-1బీ ఉద్యోగి దగ్గర జరిమానా వసూలు చేయకూడదని ఫెడరల్ లేబర్ డిపార్ట్‌మెంటు నిబంధన. కంపెనీకి నిజంగా కలిగే నష్టానికి ముందే వేసుకున్న న్యాయమైన అంచనా అయితే తీసుకోవచ్చు. ఏది జరిమానా, ఏది నష్టపరిహారం అనేది రాష్ట్ర చట్టాన్ని బట్టి తేలుతుంది. మా టెక్సస్ సుప్రీంకోర్టు 1991లో ఫిలిప్స్ కేసులో రెండు కొలతలు పెట్టింది. నష్టం ముందుగా లెక్కగట్టడానికి కష్టమైనదై ఉండాలి, ఒప్పందంలో రాసుకున్న మొత్తం సబబైన అంచనా అయి ఉండాలి. హెచ్‌-1బీ పిటిషన్‌కు అయిన లాయరు ఫీజు, కంపెనీయే కట్టాల్సిన అదనపు ఫీజు ఉద్యోగి నెత్తిన రుద్దడానికి ఎలాగూ వీల్లేదు. నేను చూసిన బాండు మొత్తాలు దాదాపు అన్నీ గుండ్రని అంకెలే. నిజంగా లెక్కవేసినవాడికి చివర మూడు సున్నాలు అన్నిసార్లు ఎలా వస్తాయో నాకు అర్థం కాదు.

ఇమిగ్రేషన్ మాట దగ్గర ఇంకొంచెం జాగ్రత్తగా ఆలోచించాలి. ఉద్యోగి మానేశాడని యూఎస్‌సీఐఎస్‌కు చెప్పడం కంపెనీ బాధ్యత. కాబట్టి పిటిషన్ వెనక్కి తీసుకుంటామనడం దానికదే తప్పు కాదు. "డబ్బు కట్టకపోతే" అన్న షరతు దానికి తగిలించినప్పుడు రంగు మారుతుంది. చట్టాన్నీ కోర్టు ప్రక్రియనూ చూపించి భయపెట్టి మనిషి చేత పని చేయించుకోవడం 2000 నాటి ఫెడరల్ చట్టం కింద వెట్టిచాకిరీ నేరంలోకి రావచ్చు. న్యూయార్క్ నర్సింగ్ హోముల్లో పనిచేసిన ఫిలిప్పీన్స్ నర్సుల కేసు దీనికి మంచి ఉదాహరణ. ముందే మానేస్తే 25,000 డాలర్లు కట్టాలని వాళ్ళ ఒప్పందంలో ఉంది. బ్రూక్లిన్ ఫెడరల్ జడ్జి నీనా గెర్షన్ 2019లో ఆ షరతు జరిమానాయేనని, చెల్లదని, నర్సులను కదలకుండా కట్టిపడేసే ఆ బెదిరింపు ఈ చట్టానికి విరుద్ధమని తీర్పు ఇచ్చారు.

ఫిలిప్పీన్స్ నర్సుల కథల్లోనే అంతకుముందు ఇంకో ఘట్టం ఉంది. 2006లో లాంగ్ ఐలాండ్‌లో పది మంది నర్సులు తమకిచ్చిన మాటలు నిలబెట్టుకోలేదని ఒకేసారి రాజీనామా చేశారు. వాళ్ళకు సలహా ఇచ్చిన లాయరు ఫెలిక్స్ విన్‌లువాన్. 2007లో నర్సులతోపాటు ఆ లాయరు మీద కూడా క్రిమినల్ అభియోగాలు మోపారు. రోగుల ప్రాణాలకు ముప్పు తెచ్చారట. 2009 జనవరిలో న్యూయార్క్ అప్పీలు కోర్టు ఆ ప్రాసిక్యూషన్‌నే ఆపేసింది. ఉద్యోగం మానేసే హక్కు బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణ నుంచి వచ్చిందనీ, మంచి ఉద్దేశంతో న్యాయ సలహా ఇచ్చినందుకు లాయరును నేరస్థుణ్ణి చేయడానికి వీల్లేదనీ చెప్పింది. ఆ రెండేళ్ళూ విన్‌లువాన్ ఎలా గడిపి ఉంటాడో ఊహించగలను. ఆయన ఎవరినీ ఎదురు బెదిరించి ఉండకపోవడం చివరికి ఎంత పనికొచ్చిందో కూడా ఊహించగలను. ఆయన మీద అభియోగం వచ్చింది అడిగినవాళ్ళకు చట్టం చెప్పినందుకు. దాన్ని నేరమనడాన్ని కోర్టు ఒప్పుకోలేదు.

ఇక నా దగ్గరికొచ్చిన ఒక కేసు. వివరాలు కొంచెం మార్చి చెబుతున్నాను. నెల్లూరు జిల్లా కుర్రాడు. కన్సల్టెన్సీ వాళ్ళు మూడు నెలలు బెంచి మీద కూర్చోబెట్టి జీతం ఇవ్వలేదు. ప్రాజెక్టు లేకపోయినా, కంపెనీ లేబర్ డిపార్ట్‌మెంటుకు ఇచ్చిన ఎల్‌సీఏలో రాసిన జీతం ఇచ్చితీరాలని నిబంధన. తర్వాత ప్రాజెక్టు దొరికింది, పని చేశాడు, వేరే కంపెనీకి మారాడు. బాండు నోటీసు వచ్చింది. బెంచి సంగతి విన్నాక ఇక్కడ మన చేతిలో కూడా ఒక కార్డు ఉందని అతనికి అర్థమైంది. "అక్కా, సింపుల్. బాండు వదలకపోతే లేబర్ డిపార్ట్‌మెంటుకు కంప్లయింట్ ఇస్తామని రాసేద్దాం. దెబ్బకు దిగొస్తారు" అన్నాడు.

టెక్సస్ లాయర్ల నియమాల్లో 4.04 అని ఒకటుంది. సివిల్ తగాదాలో పైచేయి సాధించడం కోసమే క్రిమినల్ కేసు పెడతాననిగాని, అవతలి లాయరు మీద బార్‌కు ఫిర్యాదు చేస్తాననిగాని బెదిరించకూడదు. లేబర్ డిపార్ట్‌మెంటు ఫిర్యాదు ఆ రెంటిలోకీ రాదు. అంటే అక్షరాలా చూస్తే ఆ కుర్రాడు చెప్పిన ఉత్తరం నేను రాయొచ్చు. అయినా రాయనన్నాను. ఎందుకో అతనికి వివరించడానికి ఒక పూట పట్టింది.

ఫిర్యాదును బేరంలో పెట్టామంటే అది అమ్మకానికి ఉందని అవతలివాడికి చెప్పినట్టే. ఇక వాడు ధర గురించే మాట్లాడతాడు. "ఆలోచిస్తున్నాం, పార్ట్‌నర్ ఇండియా వెళ్ళాడు, వచ్చాక చెబుతాం" అంటూ నెలలు లాగుతాడు. బెంచి జీతం మీద ఫిర్యాదు ఉల్లంఘన జరిగిన 12 నెలల్లోపు ఇవ్వాలి. ఆ గడియారం వాడికి తెలుసు. మన ఉత్తరం రేపు ఏ జడ్జి ముందుకో వెళితే అందులో మనం బాధితుల్లా కనిపించం, బేరగాళ్ళలా కనిపిస్తాం. మైకేల్ అవెనాటీ పేరు వినే ఉంటారు. 2019లో నైకీ కంపెనీ దగ్గరికి ఒక బాస్కెట్‌బాల్ కోచ్ తరఫున వెళ్ళాడు. కోచ్ బాధలో నిజం ఉందో లేదో పక్కన పెట్టండి, అది మామూలుగా కోర్టుకెళ్ళగల తగాదా. ఈయన తనకు రెండు కోట్ల డాలర్లపైన ముట్టేలా అంతర్గత విచారణ పనిని తమకు ఇప్పించమని, లేదంటే ప్రెస్ మీట్ పెట్టి కంపెనీ షేరు కూలదోస్తానని అన్నాడు. ఫోన్లో ఆ మాటలు రికార్డయ్యాయి. 2020 ఫిబ్రవరిలో దోషి అన్నారు, 2021 జులైలో 30 నెలల జైలు. టీవీలో అందరికన్నా గట్టి లాయరు ఆయనే, ఆ రోజుల్లో.

మేం చేసింది ఇది. డబ్ల్యూహెచ్‌-4 అనే ఫారం నింపి లేబర్ డిపార్ట్‌మెంటుకు బెంచి జీతం ఫిర్యాదు పంపేశాం. బేరంలో దాని ఊసు ఎత్తలేదు. ఫిర్యాదు చేసిన ఉద్యోగిపై కక్ష సాధించకూడదని హెచ్‌-1బీ చట్టంలోనే ఉంది కాబట్టి ఆ రక్షణ కూడా వచ్చింది. అవతలి లాయరుకు వేరే ఉత్తరం రాశాను, ఒక పేజీ. 20,000 ఎలా లెక్కగట్టారు? అందులో పిటిషన్ ఖర్చులు ఎంత? ఎల్‌సీఏకు సంబంధించిన పబ్లిక్ యాక్సెస్ ఫైలు ఎప్పుడు వచ్చి చూడమంటారు? ఆ ఫైలు ఎవరడిగినా చూపించాలని నిబంధన. దానికి బెదిరింపు అక్కర్లేదు, అడిగితే చాలు. ఉత్తరం చివర, యూఎస్‌సీఐఎస్ గురించి మీరు రాసిన వాక్యం డబ్బు వసూలుకు పెట్టిన షరతా, లేక మీ క్లయింటు చట్టప్రకారం చేయాల్సిన పని గురించి సమాచారమా, దయచేసి స్పష్టం చేయండి అని అడిగాను.

ఈ చివరి ప్రశ్న నాకు ఇష్టమైన పనిముట్టు. అందులో ఆరోపణ లేదు. జవాబు మాత్రం ఇబ్బంది. షరతే అని రాస్తే చిక్కు. సమాచారమే అని రాస్తే బెదిరింపు అక్కడికక్కడే చచ్చిపోతుంది. ఆ లాయరు పది రోజుల తర్వాత "సమాచారం మాత్రమే" అని ఒక వాక్యం రాశాడు. ఆ వాక్యం ప్రింటు తీసి కుర్రాడి చేతిలో పెడితే అతను నవ్వడం మొదటిసారి చూశాను.

కథ అక్కడితో అయిపోలేదు. కన్సల్టెన్సీ యజమానీ తెలుగాయనే. నాకు ఫోన్ చేసి "చెల్లెమ్మా, మనం మనం ఒకటి, మధ్యలో ఈ కాగితాలెందుకు" అన్నాడు. మీ లాయరు లేకుండా మీతో మాట్లాడకూడదండీ అని పెట్టేశాను. రెండు రోజులకు అర్ధరాత్రి నెల్లూరులో కుర్రాడి నాన్నగారికి ఫోన్ వెళ్ళింది. మీవాడు మాట తప్పాడు, అమెరికాలో జైలుకు పోతాడు, ఇల్లు తాకట్టు పెట్టయినా డబ్బు సర్దండి అని. ఆ తర్వాత వాళ్ళ ఊరివాడే ఒకాయన, ఇక్కడ సంఘాల్లో పెద్దమనిషిగా తిరిగేవాడు, రంగంలోకి దిగి "నేను మాట్లాడి పదివేలకు సెటిల్ చేయిస్తాను" అన్నాడు. ఈ ఎత్తు అమెరికా లా స్కూల్లో నేర్పరు. మన పరువునూ తల్లిదండ్రుల భయాన్నీ తూకం వేసి అమ్మే ఎత్తు ఇది. నాకు అసలు ఒళ్ళు మండేది ఇక్కడే.

లాయరున్న మనిషితో అవతలి లాయరు నేరుగా మాట్లాడకూడదని 4.02 నియమం. తన క్లయింటును ఉసిగొల్పి మాట్లాడించడం కూడా కుదరదు. కక్షిదారులు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోవడం మాత్రం తప్పు కాదు. నెల్లూరులో ఉన్న నాన్నగారు కక్షిదారు కూడా కాదు. అందుకని "నీ మీద బార్‌కు ఫిర్యాదు చేస్తా" అని ఎగరడానికి నాకు ఆధారం లేదు, ఉన్నా అలా ఎగరడం 4.04 కిందకు వస్తుంది. ఫలానా తేదీన, ఫలానా సమయానికి మీ క్లయింటు ఇలా ఫోన్ చేశారు, అన్న మాటలు ఇవి, ఇది మీకు తెలియదనే అనుకుంటున్నాను, ఇకమీదట జరగకుండా చూడమని రాశాను. తెలియదనే అనుకుంటున్నాను అని రాయడం చూసి నా జూనియర్ నవ్వింది. అవతలి లాయరు పరువుగా వెనక్కి తగ్గడానికి ఒక దారి వదలాలి. తలుపులన్నీ మూసేస్తే ఎవడైనా కరుస్తాడు. నాన్నగారికి నేర్పింది ఒక్క మాట: "మావాడి లాయరుతో మాట్లాడండి." అంతకుమించి ఏం అడిగినా అదే మాట. ఆయన రిటైర్డు హెడ్మాస్టరు, ఆ మాట అద్భుతంగా పలికారట.

మనం రాయబారం పద్యాలు విని పెరిగినవాళ్ళం. తెనాలిలో మా చిన్నప్పుడు తెల్లవారేదాకా నాటకం నడిచేది. రాయబారానికి వచ్చినవాణ్ణే కట్టెయ్యాలని చూసిన దుర్యోధనుడి పాత్ర రక్తి కట్టిన రోజు ఈలలు ఎక్కువ పడేవి, అది నిజమే. మనకు అడ్డదిడ్డంగా మాట్లాడేవాడంటే లోపల ఎక్కడో ముచ్చట. వాట్సాప్‌లో గట్టి లాయరును వెతకడం వెనక ఆ ఈలే ఉందేమో.

ఇప్పుడు చెప్పబోయేది మనవాళ్ళు కొందరికి రుచించదు. బాండు గొడవల్లో మన కుర్రాళ్ళ చేతులు కూడా ఎప్పుడూ శుభ్రంగా ఉండవు. కన్సల్టెన్సీ వాళ్ళు రెజ్యూమెలో లేని అనుభవం ఎక్కిస్తారు. నాలుగేళ్ళు, ఐదేళ్ళు, ఎప్పుడూ అడుగుపెట్టని కంపెనీల్లో. కుర్రాడు ఇంటర్వ్యూలో అదే చెబుతాడు. రేపు తగాదా వచ్చినప్పుడు ఆ రెజ్యూమె రాయించిన కన్సల్టెన్సీయే "నీ దొంగ ఎక్స్‌పీరియెన్స్ బయటపెడతాం" అని మెడ మీద కత్తి పెడుతుంది. అప్పుడు నన్నడిగేది, "అక్కా, అది నిజమేనని వాళ్ళకు గట్టిగా చెప్పేయండి." చెప్పను. క్లయింటు రహస్యం నా దగ్గరే ఉంటుంది, దాన్ని కాపాడటం నా పని. అబద్ధాన్ని నిజమని నా నోటితో అవతలివాళ్ళకు చెప్పడం మాత్రం 4.01 నియమం ఒప్పుకోదు. ఆ రెజ్యూమె మాట వచ్చినప్పుడు నేను దానిమీద మాట్లాడను, బాండు లెక్కల మీదే మాట్లాడతాను. క్లయింటును ముందు ఇమిగ్రేషన్ లాయరు దగ్గరికీ, అవసరమైతే క్రిమినల్ లాయరు దగ్గరికీ పంపుతాను. అలాంటి కేసుల్లో నా బేరం బలం సగానికి పడిపోతుంది, అది దాచను. మెడ మీద కత్తి పెట్టినవాడు తప్పు చేస్తున్నాడు. కత్తి చేతికిచ్చింది ఎవరన్న ప్రశ్న కూడా ఉంది.

బేరంలో ప్రతి మాటా ప్రమాణం చేసి చెప్పాల్సిన పని లేదనుకోండి. "నా క్లయింటు మూడు వేలకు పైసా ఎక్కువ ఇవ్వడు" అని, లోపల ఐదు వేలదాకా సిద్ధంగా ఉన్నా అనవచ్చు. అమెరికన్ బార్ అసోసియేషన్ 2006లో ఇచ్చిన అభిప్రాయం కూడా దీన్ని మామూలు బేరం మాటగానే చూసింది. లేని సాక్షిని ఉన్నాడని చెప్పడం, లేని ఈమెయిలును చూపిస్తాననడం వేరే లెక్క. ఈ గీత ఎక్కడుందో తెలియనివాళ్ళు రెండు రకాలుగా నష్టపోతారు. కొందరు అన్నీ అబద్ధాలే అనుకుని వీధికెక్కుతారు, కొందరు ప్రతి బేరం మాటకూ హడలిపోతారు.

సద్భావంతో బేరం చేయమని కోర్టు ఆదేశించగలదా? హ్యూస్టన్ అప్పీలు కోర్టు 1992లో డెకర్ కేసులో లేదని తేల్చింది. మధ్యవర్తి దగ్గరికి వెళ్ళి కూర్చోమని కోర్టు ఆజ్ఞాపించవచ్చు, మనస్ఫూర్తిగా మాట్లాడమని ఆజ్ఞాపించలేదు. మా డాలస్ లాయర్ల మర్యాద ఎంత గొప్పగా ఉండేదంటే, 1988లో డోండి కేసులో ఇక్కడి ఫెడరల్ ట్రయల్ జడ్జీలంతా కలిసి కూర్చుని లాయర్లు ఎలా ప్రవర్తించాలో కొలమానాలు ప్రకటించాల్సి వచ్చింది. ట్రయల్ జడ్జీలు అలా మూకుమ్మడిగా కూర్చోవడం అరుదు. మరుసటి ఏడాది టెక్సస్ సుప్రీంకోర్టు, క్రిమినల్ అప్పీళ్ళ కోర్టు కలిసి లాయర్స్ క్రీడ్ అనే ప్రమాణాన్ని తెచ్చాయి. ఒప్పుకోని షరతులను ఒప్పందంలో ఎక్కించకూడదని, ఒప్పుకున్నవి వదిలేయకూడదని అందులో ఉంది. దావా నడుస్తుంటే లాయర్ల మధ్య కుదిరిన మాట రాతలో, సంతకంతో, కోర్టు ఫైల్లోకి ఎక్కితేనో, జడ్జి ముందు చెబితేనో తప్ప చెల్లదనే రూల్ 11 కూడా ఇక్కడుంది. ఫోన్లో ఎన్ని తీపి కబుర్లు చెప్పినా నేను అదే రోజు "మనం అనుకున్నది ఇది" అని ఈమెయిలు కొట్టి, సంతకానికి కాగితం పంపుతాను. దొంగాటకు కాగితమంత విరుగుడు నాకు ఇంకోటి దొరకలేదు.

ఆ నెల్లూరు కుర్రాడి కేసులోనే కాగితం పని చేసింది. రాజీ కుదిరి, సంతకాలకు ఫైనల్ కాపీ వచ్చింది. ట్రాక్ చేంజెస్ లేని శుభ్రమైన కాపీ. పాతదానితో పోల్చి చూస్తే నాలుగో పేజీలో కొత్తగా ఒక వాక్యం మొలిచింది. ఉద్యోగి ఏ ప్రభుత్వ సంస్థకూ ఫిర్యాదు చేయడు, చేసి ఉంటే వెనక్కి తీసుకుంటాడు అని. ఇలాంటి షరతులు ఎంత పెళుసో చెప్పడానికి ఒకటే చాలు. వివక్ష ఫిర్యాదు ఇచ్చే హక్కును ప్రైవేటు ఒప్పందంతో వదులుకోవడం కుదరదని, ఉద్యోగాల్లో వివక్షను చూసే ఫెడరల్ సంస్థ ఈఈఓసీ 1997లోనే రాసింది. ఆ వాక్యానికి ఎర్ర గీత గీసి, "ఇది మనం అనుకోలేదు, ఇకపై ప్రతి కాపీ మార్పులు కనిపించేలా పంపండి" అని తిప్పి పంపాను. "దొంగ" అన్న మాట రాయడానికి వేళ్ళు దురద పెట్టాయి. రాయలేదు. సవరించిన కాపీ మర్నాడు వచ్చింది.

ఫిర్యాదు గురించి మౌనాన్ని డబ్బుకు మార్చుకోవడం ఎంత దూరం పోతుందో ఇల్లినాయ్ లాయరు జేమ్స్ హిమెల్ ఉదంతం చెబుతుంది. ఒక యువతికి మోటార్‌సైకిల్ ప్రమాదంలో వచ్చిన పరిహారంలో ఆమె వాటా 23,233 డాలర్లపైన ఆమె పాత లాయరు మింగేశాడు. హిమెల్ ఆమె తరఫున ఆ లాయరుతో 75,000 డాలర్లకు రాజీ కుదిర్చాడు. బదులుగా ఆమె క్రిమినల్ కేసుగాని బార్ ఫిర్యాదుగాని పెట్టదని రాసుకున్నారు. ఆ దొంగ లాయరు డబ్బు కట్టకపోతే హిమెల్ కోర్టుకు వెళ్ళి లక్ష డాలర్ల తీర్పు కూడా తెచ్చాడు. చూడ్డానికి ఎంత మంచి లాయరు! అయినా తోటి లాయరు దొంగతనం తెలిసీ క్రమశిక్షణ కమిషన్‌కు చెప్పలేదని ఇల్లినాయ్ సుప్రీంకోర్టు 1988లో హిమెల్‌ను ఏడాది సస్పెండ్ చేసింది. ఫిర్యాదు వద్దని క్లయింటే చెప్పిందన్న వాదన నిలబడలేదు. హిమెల్ మీద నాకు జాలి ఉంది, ఆ తీర్పు కఠినమని వాదించేవాళ్ళూ ఉన్నారు. నేను తీర్పు పక్షమే. ఆ మౌనం ఒక్క క్లయింటు సొత్తు కాదు. ఆ పాత లాయరు దగ్గర అప్పుడు ఇంకెంతమంది డబ్బు ఉందో ఆ గదిలో ఎవరూ అడగలేదు.

చెడ్డగా ఆడినవాడి తప్పిదం మనకు కలిసొచ్చినప్పుడు ఏం చేయాలన్నది ఇంకో పరీక్ష. ఇంకో కేసులో నన్ను నెలలపాటు సతాయించిన లాయరు ఒకడు ఫైనల్ డ్రాఫ్టులో తనకు ముఖ్యమైన షరతు ఒకటి, ఇద్దరం ఒప్పుకున్నదే, టైపు చేయడం మరచిపోయాడు. "చూడనట్టు ఉండండి మేడమ్, ఆయన మనల్ని ఏడిపించిన దానికి ఇది సరి" అంది నా క్లయింటు. ఇలాంటి చోట అవతలివాళ్ళకు చెప్పాల్సిందేనని అమెరికన్ బార్ 1986లోనే అభిప్రాయం రాసింది. చెప్పాను. థాంక్స్ అనలేదు. తర్వాత కేసుల్లో కూడా నాతో మర్యాదగా ఏమీ లేడు. చెప్పకుండా ఊరుకుంటే ఏమవుతుందో కూడా చూడండి. మిన్నెసోటాలో 1957లో ఒక కారు ప్రమాదం కేసు 6,500 డాలర్లకు రాజీ అయింది. గాయపడిన కుర్రాడి బృహద్ధమని ఉబ్బి ఉందని ప్రతివాది డాక్టరు కనిపెట్టాడు, ప్రతివాది లాయర్లకు తెలుసు, అబ్బాయికి తెలియదు. అప్పటి నియమాల ప్రకారం ఆ మౌనం తప్పు కాదన్నారు. 1962లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ రాజీని కొట్టేయడాన్ని సమర్థించింది. ఆ గదిలో కూర్చున్న లాయర్లు ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం ఎలా తిన్నారో అని ఇప్పటికీ అనిపిస్తుంది నాకు.

నెల్లూరు కుర్రాడి బాండు వదులుకున్నారు. బెంచి జీతం సంగతి లేబర్ డిపార్ట్‌మెంటులో నడుస్తోంది, నత్త నడక. దాన్ని చూసి "నేను చెప్పినట్టు బెదిరిస్తే ఎప్పుడో వచ్చేది కదా" అని అతను అప్పుడప్పుడు అంటూనే ఉంటాడు. అతని వయసులో నేనైనా అంటాను.

ఇప్పుడు భయం పెరిగింది కాబట్టి బెదిరింపు ధర కూడా పెరిగింది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బీ పిటిషన్లకు లక్ష డాలర్ల షరతు ప్రకటన వచ్చాక, "బయటికెళ్తే నిన్నెవడూ తీసుకోడు, లక్ష ఎవడు కడతాడు" అన్న వాక్యం నోటీసుల్లో కాకపోయినా ఫోన్లలో వినిపిస్తోంది. ఇక్కడే ఉండి చట్టబద్ధంగా కంపెనీ మారేవాళ్ళకు అది వర్తించదని యూఎస్‌సీఐఎస్ ఆ అక్టోబరులో వివరణ ఇచ్చింది. ఉద్యోగం పోయినా 60 రోజులదాకా వెసులుబాటు 2017 నుంచి ఉంది. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ ఆమోదమై 180 రోజులు దాటితే, పాత కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నంత మాత్రాన ఆ ఆమోదం రద్దు కాదు. ఈ మూడు వాక్యాలు తెలిసిన కుర్రాణ్ణి బెదిరించడం కష్టం. మన తెలుగు సంఘాలు తగాదాల్లో పెద్దరికం చేయడం మానేసి, సంక్రాంతి సంబరాల స్టాల్స్ పక్కన డబ్ల్యూహెచ్‌-4 ఫారం ఎలా నింపాలో చెప్పే బల్ల ఒకటి వేస్తే ఎంత బాగుంటుంది!

లాయర్ల వైపు నుంచి చేయాల్సింది కూడా ఉంది. కాలిఫోర్నియాలో 2014 నుంచి, ఉద్యోగ హక్కు వాడుకున్నందుకు కక్షిదారు ఇమిగ్రేషన్ స్థితిని ప్రభుత్వానికి చెబుతానని బెదిరించిన లాయరు లైసెన్సు పోగొట్టుకోవచ్చు. తర్వాత అద్దె ఇళ్ళ తగాదాలను కూడా అందులో చేర్చారు. మా టెక్సస్ 4.04లో క్రిమినల్ ఉంది, క్రమశిక్షణ ఉంది, ఇమిగ్రేషన్ మాట లేదు. ఇక్కడ లాయర్ల నియమాలు మారాలంటే లాయర్లే ఓటు వేయాలి, 2021లోనూ 2024లోనూ అలా వేశాం. తర్వాతి విడతలో ఈ మాట చేర్చాలని నా ప్రతిపాదన. కొందరు తోటి లాయర్లు, పిటిషన్ వెనక్కి తీసుకోవడం కంపెనీ బాధ్యత కదా, దాన్ని చెప్పడం కూడా తప్పంటావా అంటున్నారు. అననండీ. బాధ్యత ఉంటే నిర్వర్తించండి, దానికి డాలర్ల షరతు తగిలించకండి అంటున్నాను. కాలిఫోర్నియా వాక్యాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకోవడం కూడా నాకు ఇష్టం లేదు. అది ఉద్యోగానికీ అద్దె ఇంటికీ పరిమితం. నా ఆఫీసుకు భర్త వీసా మీద ఆధారపడే హెచ్‌-4 మీద ఉన్న ఆడపిల్లలు కూడా వస్తారు, భర్త తరఫు లాయరు "పిల్లల కస్టడీ అడిగితే నీ స్టేటస్ సంగతి చూస్తాం" అన్నాడని. మేం రాసుకునే నియమంలో విడాకుల కేసులు కూడా ఉండాలి.